రాకను ఫొటో తీయడం ఎలా: వలస పక్షులు, తొలి పూలు, రైళ్లు

చెరువులో హాయిగా ఈదుతున్న బాతును తీస్తే అది బాతు ఫొటో. అదే బాతు కాళ్లు ముందుకు చాచి, తోక విప్పి, నీటికి జానెడు ఎత్తులో ఉండగా తీస్తే అది రాక ఫొటో. ఎక్కడి నుంచో వచ్చిందనీ, ఇంకో క్షణంలో ఇక్కడ కుదురుకుంటుందనీ ఆ ఒక్క ఫ్రేమ్‌లోనే తెలిసిపోతుంది. మొగ్గ విచ్చుకునేటప్పుడూ, మలుపు తిరిగి స్టేషన్‌లోకి బండి వచ్చేటప్పుడూ మనం పట్టుకోవాల్సింది అలాంటి క్షణాన్నే.

వచ్చేదాని వెంట కెమెరా తిప్పుకుంటూ పరిగెడితే చివరికి దాని వీపు ఫొటోలే మిగులుతాయి. అది ఎక్కడికి వస్తుందో ముందే తెలుసుకుని, ఇంకా ఖాళీగా ఉన్న ఆ చోటును ఫ్రేమ్‌లో కట్టుకుని, సెట్టింగులన్నీ ముగించి, చేతులు ఖాళీ చేసుకుని ఎదురుచూడాలి. పనిలో ముప్పాతిక భాగం అది రాకముందే అయిపోవాలి. కింద చెప్పేదంతా ఆ ముప్పాతిక గురించే.

ముందు ఎప్పుడొస్తుందో తెలుసుకోండి

రైలుకు టైమ్‌టేబుల్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. పక్షుల రాకకూ ఒక లెక్క ఉంది. పక్షులు చూసేవాళ్లు తమ రికార్డులు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో మీ ప్రాంతం ఎంచుకుని బార్ చార్ట్ తెరవండి. ఏ పక్షి ఏ నెలలో, ఏ వారంలో కనబడుతోందో ఆకుపచ్చ గీతల్లో చూపిస్తుంది. గీత సన్నగా మొదలయ్యే వారాలు రాకల వారాలు. ఆ వారాల్లో రోజూ వాతావరణం చూడండి. చిన్న వలస పక్షుల్లో చాలావరకు రాత్రిపూటే ప్రయాణం చేస్తాయి, వెనక నుంచి గాలి తోడైన రాత్రి చూసుకుని బయల్దేరతాయి. దారిలో వానో ఎదురుగాలో తగిలితే అందిన చోట దిగిపోతాయి. అందుకే రాత్రి వాన పడి తెల్లారేసరికి తెరిపిచ్చిన రోజున నిద్ర మానుకుని వెళ్లండి. నిన్న ఒక్క పిట్ట లేని చెట్ల మీద ఆ ఉదయం గుంపులే ఉండొచ్చు.

పూల విషయంలో క్యాలెండర్‌ను ఎక్కువ నమ్మొద్దు. చాలా మొక్కలు చలి తగ్గాక పోగయ్యే వెచ్చదనాన్ని బట్టి పూస్తాయి. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీల రికార్డులు 9వ శతాబ్దం నుంచి ఉన్నాయి. అప్పటిదాకా ఏ శతాబ్దంలోనూ లేనంత ముందుగా 2021లో మార్చి 26కే అక్కడ పూత నిండుగా వచ్చింది. పాత లెక్క ప్రకారం ఏప్రిల్‌లో వెళ్లినవాళ్లకు ఆ ఏడు రాలిన రేకులే దక్కి ఉంటాయి. కాబట్టి పది రోజుల ముందు నుంచే వెళ్లి మొగ్గలు చూడండి. మొగ్గ ఉబ్బడం ఒక దశ, చివర రంగు తొంగిచూడడం తర్వాతి దశ. రంగు కనబడిందంటే ఇక రోజుల్లో పని, ఎండ కాస్తే ఇంకా తొందర.

ఖాళీ ఫ్రేమ్‌ను ఫొటోగా తీయండి

ఇది చాలామంది చేయరు, కానీ నా దృష్టిలో దీన్ని మించిన మెట్టు లేదు. పక్షి వాలబోయే నీరు, బండి ఆగబోయే ప్లాట్‌ఫామ్, పువ్వు వెనక గోడ: ఇవన్నీ ఖాళీగా ఉండగానే ఒక ఫొటో తీసి స్క్రీన్ మీద తీరిగ్గా చూడండి. మూలలో తెల్లటి ప్లాస్టిక్ సంచి, అడ్డంగా కరెంటు తీగ, అంచున సగం కోసుకుపోయిన స్తంభం లాంటివన్నీ ఇప్పుడే బయటపడతాయి. రెండడుగులు పక్కకు జరిగితే పోయే చికాకు కోసం తర్వాత ఎడిటింగ్‌లో గంట కూర్చోవద్దు.

ఆ ఖాళీ ఫొటోలో ఒక పక్క చోటు మిగలాలి. వచ్చేది ఏ వైపు ముఖం పెట్టి వస్తుందో ఆ వైపు ఎక్కువ చోటు వదలండి. కుడి నుంచి ఎడమకు వస్తుంటే ఫ్రేమ్‌లో ఎడమ సగం ఖాళీగా ఉండాలి, అది చేరబోయే చోటు అదే కాబట్టి. ఆ చోటు లేకుండా బిగించేస్తే అది ఎక్కడికి వచ్చిందో చూసేవాళ్లకు అర్థం కాదు.

ఇలా ముందే చోటు ఎంచుకుని కాచుకోవడం ఫొటోగ్రఫీకి కొత్తేమీ కాదు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరిగెత్తే గుర్రాన్ని తీయడానికి దారి పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టి, దారికి అడ్డంగా తీగలు కట్టించాడు. గుర్రం వచ్చి ఏ తీగను తాకితే ఆ కెమెరా షట్టర్ పడింది. పరుగులో ఒక దశలో గుర్రం నాలుగు కాళ్లూ గాల్లో ఉంటాయని ఆ ఫొటోలు చూపించాయి. గుర్రం వెంట కెమెరా మోసుకెళ్లడం అప్పట్లో ఎలాగూ కుదరదు. ఇప్పుడు కుదురుతుంది, అయినా కాచుకుని తీసిన ఫొటోలే ఎక్కువగా నిలుస్తాయి.

కెమెరాను సిద్ధం చేసి వదిలేయండి

ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి వచ్చే వెలుతురు మోతాదు, మాన్యువల్‌లో పెట్టుకోండి. చోటు మారదు, వెలుతురు నిమిషాల్లో పెద్దగా మారదు, మారేదల్లా ఫ్రేమ్‌లోకి వచ్చేది ఒక్కటే. ఆటోలో వదిలేస్తే కెమెరా సరిగ్గా ఆ ఒక్కదాన్ని చూసే తడబడుతుంది. తెల్ల కొంగ వస్తే ఒక రకంగా, నల్ల నీటికాకి వస్తే ఇంకో రకంగా, రైలు హెడ్‌లైట్ వస్తే మరీ చీకటిగా తీస్తుంది. అదే వెలుతురులో ఉన్న పచ్చగడ్డి మీద కొలిచి, ఒక ట్రయల్ ఫొటో తీసి, హిస్టోగ్రామ్ (ఫొటోలోని చీకటి వెలుగుల గ్రాఫ్) కుడి గోడకు కొట్టుకోకుండా చూసుకుని, ఇక ముట్టుకోకండి. మబ్బులు వచ్చిపోతుంటే షట్టర్ స్పీడ్, అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) మాత్రం మాన్యువల్‌లో ఉంచి ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోకు ఇవ్వండి.

మెమరీ కార్డులో ఖాళీ చూసుకోండి, బ్యాటరీ మార్చుకోండి. చలిలో బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, రెండోదాన్ని లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోండి. మీ మిర్రర్‌లెస్ కెమెరాలో ప్రీ-క్యాప్చర్ ఉంటే ఆన్ చేయండి. బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ అది ఫ్రేములు దాచిపెట్టుకుంటూ ఉంటుంది. మీరు పూర్తిగా నొక్కిన క్షణానికి ముందు తీసినవి కూడా దొరుకుతాయి. ఫోన్‌తో తీసేవాళ్లకు లైవ్ ఫొటో దాదాపు ఇదే పని చేస్తుంది.

పక్షులు: గాలికి వీపు పెట్టి నిలబడండి

పక్షి దాదాపు ఎప్పుడూ ఎదురుగాలిలోకే వాలుతుంది, నేల మీద వేగం తగ్గేది అలాగే. కాబట్టి గాలి మీ వీపుకు తగిలేలా నిలబడితే వచ్చే పక్షి ముఖం మీ వైపే ఉంటుంది. సూర్యుడు కూడా వెనకే ఉంటే కళ్లల్లో మెరుపు, రెక్కల కింద వెలుగు రెండూ వస్తాయి. గాలి ఒక దిక్కు, ఎండ ఒక దిక్కు అయిన రోజున నేనైతే గాలికే ఓటేస్తాను. వెలుతురు ఎదురైనా సిలూయెట్ (నల్లటి ఆకారం) తీసుకోవచ్చు, వెనక్కి తిరిగిపోతున్న పక్షితో ఏం చేయాలి?

షట్టర్ స్పీడ్ 1/2000 సెకను దగ్గర మొదలుపెట్టండి. పెలికాన్, కొంగ లాంటి పెద్ద పక్షులకు 1/1000 సరిపోతుంది. అపర్చర్ ఒక్క పక్షి అయితే ఎఫ్ 5.6, గుంపు అయితే ఎఫ్ 8. ఫోకస్ కంటిన్యుయస్‌లో, అంటే కదిలేదాన్ని వెంబడించే పద్ధతిలో ఉండాలి. కెనాన్‌లో దీన్ని ఏఐ సర్వో అంటారు, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి. పక్షి కన్ను గుర్తించే సదుపాయం ఉంటే వాడండి, కానీ గుంపులో అది ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకు గెంతుతుంది. గుంపును తీసేటప్పుడు దాన్ని ఆపేసి ముందున్న పక్షి మీద మీరే పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు బాతు దిగడాన్ని దగ్గర నుంచి చూద్దాం. ముందు చెరువు చుట్టూ ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది, ప్రమాదమేమైనా ఉందేమో చూసుకోవడానికి. ఆ చుట్లలో తీయకండి, ఫోకస్ మాత్రం దాని మీద ఉంచండి. తర్వాత రెక్కలు కొట్టడం ఆపి, వాటిని విల్లులా వంచి పట్టుకుని కిందికి జారుతుంది. మీకు గుర్తు అదే. రెక్కలు ఆగాయంటే రెండు మూడు సెకన్లే మిగిలాయి. కాళ్లు కిందికి దిగుతాయి, తోక విసనకర్రలా విచ్చుకుంటుంది, ఒళ్లు నిటారుగా లేస్తుంది. చివరి క్షణంలో వేగం చంపుకోవడానికి మళ్లీ గట్టిగా రెక్కలు కొడుతుంది. కాళ్లు దిగగానే బర్స్ట్ (వరసగా గబగబా తీయడం) మొదలుపెట్టి నీళ్లు చిందేదాకా వదలకండి. నీరు నిలకడగా ఉంటే కింద దాని నీడ పైకి వస్తూ ఉంటుంది. పక్షి పాదానికీ నీడ పాదానికీ మధ్య సన్నని సందు మిగిలిన ఫ్రేమే మీరు వెతుక్కోవాల్సింది. అందుకోసం కెమెరాను వీలైనంత కిందికి, నీటి మట్టానికి దగ్గరగా దించండి. గట్టు మీద నిలబడి తీస్తే పక్షి వెనక నీరే ఉంటుంది, పడుకుని తీస్తే వెనక దూరపు చెట్లు మసకగా కరిగిపోతాయి.

ఎండ ముదిరాక పొడవాటి లెన్స్‌తో దూరం నుంచి తీసినవి ఎంత జాగ్రత్తపడ్డా మసకగా వస్తాయి. తప్పు ఫోకస్‌ది కాదు, నేల మీద నుంచి లేచే వేడిగాలిది. దానికి మందు లేదు, పొద్దున్నే వెళ్లడమే. సాయంత్రం గూటికి చేరే గుంపులూ బాగుంటాయి. అప్పుడు స్పీడ్ 1/30కి దించి, గుంపుతోపాటు కెమెరా తిప్పితే రెక్కలు గీతలై ఆకాశం చారలవుతుంది. పదింటిలో తొమ్మిది చెడిపోతాయి, కంగారు పడకండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. 2022లో అలాస్కా నుంచి బయల్దేరిన ఒక బార్-టెయిల్డ్ గాడ్‌విట్ పక్షి 11 రోజులు ఎక్కడా ఆగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియాలో దిగింది. దానికి ట్యాగ్ ఉంది కాబట్టి మనకు తెలిసింది. మీ ముందు దిగిన పక్షి కూడా ఒంట్లోని కొవ్వంతా కరిగించుకుని వచ్చి ఉండొచ్చు. దానికి ఇప్పుడు కావాల్సింది తిండి, విశ్రాంతి. మేత మానేసి తల పైకెత్తి మిమ్మల్నే చూస్తోందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టు. అక్కడే ఆగి మెల్లగా వెనక్కి జరగండి. ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టి లేపడం, కూతల రికార్డింగ్ పెట్టి రప్పించడం చేయకండి. అలా తీసింది ఎంత బాగున్నా అది రాక కాదు, బెదిరింపు.

పూలు: కదలని రాక

ఇక్కడ వేగంతో పని లేదు, ఓపికతోనే పని. ఒకే కొమ్మను ఎంచుకోండి. దారి పక్కన రాయి పెట్టో, గోడ మీద గీత గీసో మీ పాదాలు ఎక్కడ ఉండాలో గుర్తు పెట్టుకోండి. రోజూ అదే చోటు నుంచి, అదే లెన్స్‌తో, దాదాపు అదే వేళకు ఒక ఫొటో తీయండి. ఎండు కొమ్మ నుంచి నిండు పూత దాకా పక్కపక్కన పేర్చి చూస్తే ఏ ఒక్క పూల ఫొటో చెప్పలేని సంగతి ఆ వరస చెబుతుంది.

ఒక్క పువ్వునే తీయాలంటే పూర్తిగా విచ్చిన దాని కన్నా సగం విచ్చినదాన్ని ఎంచుకోండి. బయటి రేకులు వెనక్కి వంగి, లోపలివి ఇంకా చుట్టుకునే ఉన్న దశ. పువ్వు వెనక నుంచి ఎండ పడేలా నిలబడితే రేకులోని ఈనెలు కనిపిస్తాయి. మరీ దగ్గర నుంచి తీసేటప్పుడు ఎఫ్ 8 పెట్టినా స్పష్టంగా వచ్చేది కొద్ది మిల్లీమీటర్లే. ఆ కొద్దినీ కేసరాల మీద పెట్టండి. గాలికి పువ్వు ఊగుతూ ఉంటే మొండిగా తీస్తూ కూర్చోకండి. ఊపు చివరి అంచుకు చేరి వెనక్కి తిరిగే ముందు అది ఒక క్షణం ఆగుతుంది, అప్పుడు నొక్కండి. తెల్లవారుజామున గాలి తక్కువగా ఉంటుంది, మబ్బు పట్టిన రోజున రంగులు నిండుగా వస్తాయి.

కళ్ల ముందే విచ్చుకునే పూలూ ఉన్నాయి. ట్యులిప్, క్రోకస్ ఎండ తగిలి వెచ్చబడగానే తెరుచుకుంటాయి, చల్లబడితే ముడుచుకుంటాయి. బ్రహ్మకమలం అని మనం ఇళ్లల్లో పెంచుకునేది రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతుంది. దీన్ని టైమ్‌లాప్స్ తీయడం తేలిక. వేలాడే మొగ్గ మెడ వంచి పైకి లేచి, బాగా ఉబ్బి, కొన రేకులు వదులైతే ఆ రాత్రే విచ్చుకుంటుంది. చీకటి పడక ముందే ట్రైపాడ్ వేయండి. విచ్చుకోవడానికి 5 గంటలు పడుతుందనుకుందాం. నిమిషానికొకటి చొప్పున 300 ఫ్రేములు. సెకనుకు 24 ఆడిస్తే 12 సెకన్లకు పైచిలుకు వీడియో. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో లాక్ చేయకపోతే వీడియో అంతా మినుకుమినుకుమంటుంది. గదిలో ఒకే దీపం, కదలకుండా. ఫ్రేమ్‌లో మొగ్గకు రెండింతల చోటు వదలండి, విచ్చాక అది ఎంత పెద్దదవుతుందో ముందు ఊహకు అందదు.

రైళ్లు: ఒక్క అడుగును ఎంచుకోండి

భద్రత సంగతి ముందు. పట్టాల మీదికి, పట్టాల పక్కకు దిగొద్దు. ప్లాట్‌ఫామ్ మీద పసుపు గీతకు ఇవతలే ఉండాలి. వ్యూఫైండర్‌లో ఒక కన్ను పెట్టాక దూరం అంచనా పోతుంది, అందుకే గీత దగ్గరగా నిలబడి కెమెరా ఎత్తకండి. డ్రైవర్ కళ్లల్లో పడేలా ఫ్లాష్ కొట్టొద్దు. ట్రైపాడ్ వేయొచ్చో లేదో స్టేషన్ సిబ్బందిని అడగండి. పట్టాలకు చట్టబద్ధంగా దగ్గరయ్యే మంచి చోట్లు ఇంకా ఉన్నాయి: పాదచారుల వంతెన, రోడ్డు మీది బ్రిడ్జి, కంచె అవతలి ఎత్తైన గట్టు.

ఒక చిన్న లెక్క. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది. సెకనుకు 10 ఫ్రేములు తీసే బర్స్ట్‌లో రెండు ఫ్రేముల మధ్య అది మూడు మీటర్ల దాకా ముందుకొచ్చేస్తుంది. ఇంజిన్ ముక్కు స్తంభానికి సరిగ్గా తాకిన ఫ్రేమ్ కావాలనుకుంటే బర్స్ట్ మీద ఆశ పెట్టుకోకూడదు. పైగా కంటికి కనబడ్డాక వేలు కదలడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది, ఆ లోపు బండి ఐదు మీటర్లు దాటుతుంది. కాబట్టి బండి ఏ స్తంభం దగ్గరికి వస్తే నొక్కాలో ముందే తేల్చుకోండి. ఆ స్తంభం మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌లోకి మార్చి వదిలేయండి. ముక్కు దానికి ఇంకా కాస్త అవతల ఉండగానే వేలు పని మొదలుపెట్టాలి. ఒకటి రెండు బండ్లను కెమెరా లేకుండా ఊరికే చూస్తే ఆ తూకం వస్తుంది.

ఎదురుగా వచ్చే బండికి 1/500 చాలు, అది ఫ్రేమ్‌లో పక్కకు జరగదు, పెద్దదవుతుంది అంతే. పక్క నుంచి తీస్తే 1/1000 లేదా అంతకు మించి. మలుపు దగ్గర 200 మిల్లీమీటర్ల లెన్స్ వాడితే పెట్టెలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు వస్తాయి. బండి రావడానికి ముందు సిగ్నల్ రంగు మారుతుంది, సాయంత్రాల్లో ఇంకో సూచన కూడా ఉంటుంది. ఇంజిన్ మలుపులో ఇంకా కనబడకముందే హెడ్‌లైట్ వెలుగు పట్టాల మీద పాకుతూ వస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫ్రేమ్ అదే, బండి లేని బండి ఫొటో.

చాలా కొత్త రైళ్ల ముందు బోర్డుల్లో ఊరి పేరు ఎల్‌ఈడీ అక్షరాల్లో ఉంటుంది. మన కంటికి నిలకడగా కనబడినా అవి వరసలవారీగా ఆరి వెలుగుతుంటాయి. 1/1000లో తీస్తే సగం అక్షరాలే వస్తాయి. పేరు చదవగలిగేలా కావాలంటే బండి బాగా నెమ్మదించాక 1/125కో అంతకన్నా కిందికో దించండి.

మరీ స్పష్టంగా తీసిన రైలు ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. వస్తోందని తెలియాలంటే దాని చుట్టూ ఏదో కదలాలి: ఎగిరే ఎండుటాకులు, చెదిరిన జుట్టు, ఒక్కసారిగా అటు తిరిగిన తలలు. లేదా 1/30లో ప్యాన్ చేయండి, అంటే బండితోపాటు కెమెరా తిప్పండి. పాదాలు కదపకుండా నడుము నుంచి తిరుగుతూ, నొక్కాక కూడా తిప్పుతూనే ఉండండి.

రాత్రి రైళ్లకు వెలుతురు చాలదనిపిస్తే ఫొటోగ్రాఫర్ ఓ. విన్‌స్టన్ లింక్ పనిని చూడండి. 1955 నుంచి 1960 మధ్య అమెరికాలో నార్‌ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వే ఆవిరి బండ్లను ఆయన ఎక్కువగా రాత్రిపూటే తీశాడు. ఎండను మనకు కావాల్సిన చోటికి జరపలేం, బల్బులనైతే పెట్టుకోవచ్చు. ఒక్కో ఫొటోకు డజన్ల కొద్దీ ఫ్లాష్ బల్బులు బిగించి, తీగలు లాగి, అన్నీ ఒకేసారి వెలిగేలా చేసి బండి కోసం కాచుకునేవాడు. బండి దాటిపోయేలోగా తీయగలిగేది ఒక్కటే ఫొటో. రైల్వే వాళ్ల అనుమతి, సహకారం తీసుకుని చేశాడు కాబట్టి అది సాధ్యమైంది, మనం అలా వెలిగించకూడదు. స్టేషన్ వెలుగులోనే కెమెరాను కదలని చోట ఆనించి, ఐఎస్ఓ 100, ఎఫ్ 11, 10 నుంచి 20 సెకన్లు పెడితే వచ్చే బండి వెలుగుగీతగా మిగులుతుంది.

ఇక ఆ బండి కోసం ఎదురుచూసే మనుషులు. దిగేవాళ్ల కన్నా వాళ్ల కోసం వచ్చినవాళ్ల ముఖాల్లోనే రాక ముందుగా కనబడుతుంది. మీ వాళ్లయితే నిస్సంకోచంగా తీయండి, కౌగిలింతకు ముందు ఇద్దరి మధ్య ఇంకా నాలుగడుగులు ఉండగానే. తెలియనివాళ్లయితే ముఖం గుర్తుపట్టేలా తీసేముందు అడగండి.

ఇంటికొచ్చాక

బర్స్ట్‌లోని వంద ఫ్రేముల నుంచి ఒక్కటి ఎంచుకోవడానికి ఒక ఉపాయం: తాకిన తర్వాతివన్నీ ముందు పక్కన పెట్టేయండి. పాదం నీటిని తాకిన ఫ్రేమ్, ఇంజిన్ ఆగిన ఫ్రేమ్, రేకులన్నీ విచ్చిన ఫ్రేమ్. అవి చెడ్డవని కాదు, వాటిలో ఎదురుచూపు అయిపోయింది. మిగిలినవాటిలో మీ ఖాళీ ఫ్రేమ్‌కు దగ్గరగా ఉన్నదాన్ని తీసుకోండి. కత్తిరించేటప్పుడు ముందు వదిలిన చోటును మాత్రం తగ్గించకండి.

గూడు దగ్గర తీసినవి, అరుదైన పక్షులవి పోస్ట్ చేసేముందు ఫైల్‌లోంచి లొకేషన్ తీసేయండి, చోటు పేరు రాయకండి. తేదీ, గంట, గాలి దిక్కు, ముందు రోజు వాన పడిందా లేదా, మీరు నిలబడ్డ చోటు మాత్రం మీ కోసం ఫోల్డర్ పేరులోనో నోట్‌బుక్‌లోనో రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది ఏ వారంలో సెలవు పెట్టాలో, గట్టుకు ఏ పక్క పడుకోవాలో అక్కడే దొరుకుతుంది.